వైనతేయపై కాలువ: గన్నవరము అక్విడెక్టు – ఒక పరిశీలన

గోదావరి డెల్టా నీటిపారుదల చరిత్రను వ్రాయువారు ధవళేశ్వరపు ఆనకట్టతో ఆరంభించి, దానితోనే ముగించుట పరిపాటియైనది. ఆనకట్ట ఈ వ్యవస్థకు శిరస్సు వంటిదనుట నిజమే. కాని శిరస్సునుండి బయలుదేరిన నీరు శివారు పొలమును చేరువఱకు మార్గమధ్యమున ఎన్నియో కట్టడములు కలవు. లాకులు, తూములు, వంతెనలు, మురుగుకాలువలపై కట్టిన దాటులు లేనిదే ఆనకట్ట నిష్ప్రయోజనము. వానిలో మిక్కిలి గొప్పదియు, మనచే మిక్కిలి తక్కువగా పరిశీలింపబడినదియు కోనసీమలో పి. గన్నవరముకడ గోదావరియొక్క వైనతేయపాయపై నిలిచియున్న పాత అక్విడెక్టు.

ఈ వ్యాసమున మూడు ప్రశ్నలకు సమాధానము వెదకుటకు యత్నించుచున్నాను. ఈ కట్టడము ఏల అవసరమాయెను? దాని కొలతలు మనకు ఏమి చెప్పుచున్నవి? దానిని కట్టినవారిని మనము ఎట్లు జ్ఞాపకముంచుకొన్నాము? మొదటి రెండు ప్రశ్నలు ఇంజనీర్లవి కదా, తెలుగు శాఖవారికి వానితో పనియేమి అని కొందఱు ఆక్షేపింపవచ్చును. మూడవ ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్న మొదటి రెండింటిని దాటక తప్పదు. అందుచేతనే నేను పుస్తకములను ప్రక్కనబెట్టి, రెండుమాఱులు స్వయముగా పోయి ఆ కట్టడమును చూచితిని. ఒకమాఱు వేసవిలో, కాలువలు కట్టివేసిన తరువాత, అంబాజీపేటనుండి సైకిలుపై. రెండవమాఱు వరదల కాలమున, గన్నవరమునుండి కాలినడకను. ఈ రెండు దర్శనములును కలిసినగాని ఆ కట్టడము అర్థము కాలేదు.

దీవి – దాని దాహము

ధవళేశ్వరమునకు దిగువను గోదావరి గౌతమి, వాసిష్ఠ అను రెండు పెద్ద పాయలుగా చీలును. వాసిష్ఠనుండి మఱల చీలి సముద్రమును చేరునది వైనతేయ. సంప్రదాయమున చెప్పబడు తుల్య, ఆత్రేయ, భారద్వాజ, గౌతమి, వృద్ధగౌతమి, కౌశిక, వాసిష్ఠ అను సప్తగోదావరులలో ఇది చేరదు. దీనికి వినతాతనయుడైన గరుత్మంతుని పేరు కలిగినది. వైనతేయకును వాసిష్ఠకును నడుమ, మూడవవైపున సముద్రముతో ఆవరింపబడియున్న భూభాగమునే పాత రికార్డులలో నగరము దీవి యందురు. నేటి మామిడికుదురు, రాజోలు, మలికిపురము, సఖినేటిపల్లి ప్రాంతములు ఇందు చేరినవి. 2022 సంవత్సరమున ఏర్పడిన కోనసీమ జిల్లాలో ఇది పడమటి భాగము.

రెండు నదుల నడుమనున్న దీవికి నీటి కొఱత యేమి అని పరస్థలమువారికి సందేహము కలుగును. నాతో వచ్చిన పరిశోధక విద్యార్థి కూడ ఈ మాటయే అడిగెను. "మాస్టారూ, చుట్టూ గోదావరే కదండీ, మళ్ళీ ఇంత దూరంనుంచి కాలువ తేవడం ఎందుకండీ?" అని. ప్రశ్న ఉచితమైనదే. సమాధానము ఏటిగట్టుపై నిలుచున్నచో కనుపించును. వేసవిలో నది పొలములకంటె ఎంతయో లోతున పాఱుచుండును. వరదలో అది పొలములకంటె ఎత్తున పాఱును గాని, అప్పుడు దానిని లోనికి రానిచ్చిన పంట మిగులదు. అనగా నీరు కావలసినప్పుడు అందదు; అందినప్పుడు అక్కఱలేదు. ఇదిగాక సముద్రమునకు చేరువనున్న పాయలలో పోటు సమయమున ఉప్పునీరు ఎగువకు వచ్చును. కావున దీవికి ఇరుప్రక్కల నదులున్నను అవి దాని దాహము తీర్చునవి కావు.

పొలమునకు నీరు కావలెనన్న ఆ నీరు పొలముకంటె ఎత్తుననుండి రావలయును. ఆ ఎత్తు ధవళేశ్వరము ఆనకట్టవలన లభించినది. ఆనకట్ట నదీజలమును అడ్డగించి మట్టమును పెంచును. అచ్చటనుండి కాలువను నది వాలుకంటె తక్కువ వాలుతో నడిపించినచో, కొంతదూరము పోవునప్పటికి కాలువలోని నీరు నదిలోని నీటికంటె మీదుగా ఉండును. డెల్టా భూములకు మఱియొక లక్షణము కలదు. నదులు యుగయుగములుగా ఒండ్రు వేయుటచే తీరభూములే మిట్టగా ఉండి, తీరమునుండి దూరమైనకొలది నేల పల్లమగును. కావున పంటకాలువలు ఏటిగట్లను అంటియు, మురుగుకాలువలు నడిమి పల్లములందును పోవుట సహజము. మధ్య డెల్టాకు బొబ్బర్లంకకడ మొదలైన కాలువనుండి చీలిన గన్నవరము కాలువ ఇట్లు మిట్టపై నడచి వైనతేయ తీరమును చేరినది. అచ్చటినుండి దీవికి చేరుటకు ఒక్కటే ఆటంకము: నది. దానిని దాటించుటకే అక్విడెక్టు.

పూర్వరంగము

నందన నామ సంవత్సరపు కఱవు, అనగా 1832–33 నాటిది, తీరాంధ్రమున తరతరములు చెప్పుకొన్న ఘోరము. 1839లో ఉప్పెన వచ్చి కోరంగి ప్రాంతమును ముంచెను. ఈ రెంటికి నడుమను తరువాతను రాజమహేంద్రవరము జిల్లా ఎంత చితికిపోయినదో ప్రభుత్వపు లెక్కలే చెప్పుచున్నవి. 1821లో 7,38,308గా నున్న జనసంఖ్య 1841 నాటికి 5,61,041కి దిగిపోయినది. ఇరువదియేండ్లలో లక్షా డెబ్బదియేడువేల మంది తగ్గిరి. చచ్చినవారెందఱో, ఊరు విడిచిపోయినవారెందఱో ఆ లెక్క విడదీసి చూపదు. జనముతోపాటు శిస్తును తగ్గుటచే సర్ హెన్రీ మాంట్‌గొమరీ 1844లో జిల్లా స్థితిని విచారించి నివేదిక వ్రాసెను. కావేరి పాయయైన కొల్లడముపై 1836లో ఆనకట్టలు కట్టి అనుభవము గడించిన ఆర్థర్ కాటన్ గోదావరిని పరిశీలించి తన ప్రతిపాదనలు పంపెను. 1846 చివర అనుమతి లభించినది. 1847లో పని మొదలై 1852లో ఆనకట్ట పూర్తియైనది.

ఇచ్చట ఒక సంగతి మఱవరాదు. ఇసుకపై పునాది వేసి అడ్డుకట్ట నిలుపవచ్చునను ధైర్యము కాటనునకు కావేరిపైని ప్రాచీనమైన కల్లణైని చూచుటవలన కలిగినది. దేశమున పూర్వమే యున్న విద్యను చూచి, గ్రహించి, పెద్ద కొలతలతో పునఃప్రయోగించుట ఆయన ప్రతిభ. ఈ మాట చెప్పుటవలన ఆయన కీర్తి తగ్గదు. అట్లే కంపెనీ ప్రభుత్వము శిస్తు పెరుగుననియే ఈ పనులకు ధనమిచ్చినదను మాటయు సత్యమే. ఉద్దేశము శిస్తు, ఫలితము అన్నము. చరిత్రకారుడు రెంటిని వ్రాయవలెను. ఒకదానిచే మఱియొకదానిని తుడిచివేయరాదు.

ఆనకట్ట పూర్తియగుటను అంటియే 1850ల తొలి సంవత్సరములలో గన్నవరము అక్విడెక్టు నిర్మాణము జరిగినది. నిర్మాణభారము వహించినవాడు లెఫ్టినెంటు హేగ్ అను యువ ఇంజనీరు. తరువాతి కాలమున ఎగువ గోదావరిని పడవల రాకపోకలకు అనువుగా చేయు యత్నములందును ఆయన పనిచేసెను.

కొలతలు చెప్పు కథ

రికార్డులలో ఈ కట్టడపు వర్ణన క్లుప్తముగా ఉండును: 49 కమానులు, ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పు, మొత్తము పొడవు 2,248 అడుగులు. మెట్రిక్ కొలతలో ఇది దాదాపు 685 మీటర్లు. ఈ మూడు సంఖ్యలను చదివి ముందునకు పోవుట సులభము. నేనును చాలకాలము అట్లే పోయితిని.

వేసవి దర్శనమున మేము ఏటిగట్టు దిగి ఇసుకలోనికి నడచి, కట్టడమును ప్రక్కనుండి చూచుచు లెక్కించితిమి. నాకు 49 వచ్చినవి. మా విద్యార్థికి 48 వచ్చినవి. మఱల లెక్కించితిమి. మఱల అట్లే. ఎండ మండుచుండగా కొంతసేపు వాదించుకొన్న తరువాత తెలిసినదేమనగా, నేను కమానులను లెక్కించుచుంటిని. అతడు స్తంభములను లెక్కించుచుండెను. ఇద్దఱమును సత్యమే చెప్పుచుంటిమి. 49 కమానులకు నడుమ స్తంభములు 48 గదా!

ఈ చిన్న పొరపాటు ఒక మేలు చేసినది. ఒక్కొక్క కమానునకు 40 అడుగుల చొప్పున 49కి 1,960 అడుగులు. మొత్తము 2,248లోనుండి దీనిని తీసివేయగా మిగులునది 288. దీనిని 48 స్తంభములకు పంచినచో ఒక్కొక్క దానికి సరిగా 6 అడుగులు వచ్చును. శేషము లేదు. కావున రికార్డులోని పొడవు రెండు ఒడ్డుల ఆనుగోడలను వదలి, మొదటి కమాను అంచునుండి తుది కమాను అంచువఱకు గల కొలతయని ఊహింపవచ్చును. స్తంభపు మందము 6 అడుగులని కూడ ఈ లెక్క సూచించుచున్నది. మూడు సంఖ్యలలో నాలుగవ సంఖ్య దాగియున్నది. పరిశోధక విద్యార్థులు శాసనములలోని భూమి కొలతలను ఇట్లే పరీక్షింపవలెనని నేను తఱచుగా చెప్పుచుందును. సంఖ్య అలంకారము కాదు. అదియు ఒక సాక్షియే, ప్రశ్నించినచో మాటలాడును.

ఇంకొక విశేషము. 2,248 అడుగులలో 1,960 అడుగులు, అనగా నూటికి 87 వంతులు, నది పోవుటకు విడిచిన ఖాళీ. కట్టడము ఆక్రమించినది 13 వంతులు మాత్రమే. వేసవిలో మేము చూచినప్పుడు నీరు కొన్ని కమానుల క్రింద మాత్రమే పాఱుచుండెను. మిగిలిన వాని క్రింద ఇసుక. "ఇన్ని ఖానాలు దండుగ కదండీ" అని విద్యార్థి యనెను. నేను మాఱు పలుకలేదు. వరదలకాలమున మఱల వచ్చి చూచినప్పుడు సమాధానము నదియే చెప్పినది. ఎఱ్ఱని నీరు ఒడ్డునుండి ఒడ్డువఱకు నిండి, ప్రతి ఖానాలోనుండియు సుడులు తిరుగుచు పోవుచుండెను. ఒక్క ఖానా కూడ దండుగగా లేదు. అప్పుడు తెలిసినదేమనగా, ఈ కట్టడపు పొడవును నిర్ణయించినది పైన పోవు కాలువ కాదు, క్రింద పోవు నది. అక్విడెక్టు కట్టువాడు మోయవలసిన నీటికంటె, దారి యీయవలసిన నీటినే ఎక్కువగా తలంపవలసియుండును.

సాటి కట్టడములతో పోల్చినచో ఈ సంగతి మఱింత స్పష్టమగును. ఫ్రాన్సులో రోమనులు కట్టిన పోన్ దు గార్ మూడు అంతస్తులతో దాదాపు 49 మీటర్ల ఎత్తున నిలిచియున్నది. అది లోయను దాటించి నీమ్ నగరమునకు నీరు చేర్చినది. వేల్స్‌లో 1805లో పూర్తియైన పోంట్‌కసల్తె అక్విడెక్టు 19 కమానులతో, 1,007 అడుగుల పొడవున, పడవలు నడుచు కాలువను మోయుచున్నది. ఈ రెండును ఎత్తుచే ప్రసిద్ధములు. గన్నవరమునకు అట్టి ఎత్తు లేదు. డెల్టా చదునైన నేల గదా. దీని గొప్పతనము పొడవులో ఉన్నది. మన దేశముననే, ఇంచుమించు ఇదే కాలమున, రూర్కీ కడ గంగా కాలువకై ప్రోబీ కాట్లీ సోలానీ నదిపై కట్టించిన అక్విడెక్టు 15 కమానులది. ఒక్కొక్కటి 50 అడుగులు. అనగా నదికి విడిచిన దారి 750 అడుగులు. దాని పైన పోవు గంగా కాలువ గన్నవరము కాలువకంటె అనేక రెట్లు పెద్దది. కాని నదికి విడిచిన దారిలో గన్నవరము సోలానీకి రెండున్నర రెట్లు మించును. అచ్చట కాలువ పెద్దది, నది చిన్నది. ఇచ్చట కాలువ చిన్నది, నది పెద్దది. రెండు కట్టడములను రెండు వేఱు సమస్యలకు సమాధానములుగా చూడవలెను గాని, ఒకదానితో నొకటి పోటీపెట్టరాదు.

నిర్మాణకాలమును గూర్చి ఒక మాట. గోదావరిలో పని చేయుటకు సంవత్సరమునంతయు వీలు లేదు. వరదలు తీసి నీరు వెనుకపట్టినప్పటినుండి, మఱల తొలకరి నీరు వచ్చువఱకే గడువు. సిమెంటు లేని కాలము. గానుగలో ఎద్దులచే త్రిప్పించి నూఱిన సున్నమే ఆధారము. సున్నము నెమ్మదిగా గట్టిపడును. కమాను అడుగున నిలిపిన కొయ్యచట్రమును తొందరపడి తీసిన కమాను కుంగును. ఆలసించిన వరద వచ్చి చట్రమును కొట్టుకొనిపోవును. 49 కమానులను ఈ రెండు భయముల నడుమ నిలుపుటలో ఎంత క్రమశిక్షణ, ఎందఱి శ్రమ పట్టియుండునో ఊహించుకొనవలసినదే.

ఇట్లు నిలిచిన కట్టడము ఇంచుమించు నూటయేబది సంవత్సరములు దీవికి నీరు మోసినది. 1953 వరదను చూచినది. 1986 ఆగస్టు 16న ధవళేశ్వరము కడ 35 లక్షల క్యూసెక్కులు మించిన ప్రవాహము వచ్చి కోనసీమ గట్లు తెగినప్పుడును నిలిచినది. 1996 నవంబరు 6 నాటి పెనుతుపానును చూచినది. 2000 ప్రాంతమున దాని ప్రక్కనే నీటితోపాటు రోడ్డును కూడ మోయు క్రొత్త అక్విడెక్టు సిద్ధమగుటతో పాతదానికి ఆ పని తప్పినది. 2022 జూలై వరద వచ్చునప్పటికి అది నీరు మోయుట మానియున్నను, నదిలో నిలుచుట మానలేదు.

మాటలలో మిగిలిన చరిత్ర

ఈ కట్టడములు భూమిని మాత్రమే గాక భాషను కూడ తడిపినవి. అక్విడెక్టు అను మాటనే చూడుడు. దీనికి పండితులు జలసేతువు మొదలగు పేర్లు కల్పింపవచ్చును. కాని గన్నవరములో ఎవ్వరిని అడిగినను "అక్విడెక్టు దగ్గఱ" అనియే చెప్పుదురు. అక్షరము రానివారి నోటను ఆ లాటిను మాట తడబాటు లేక పలుకును. లాకు అను మాటయు అంతే. అది ఆంగ్లపదమని కోనసీమ రైతునకు స్ఫురింపనే స్ఫురింపదు.

కట్టడపు భాగములకు వాడు మాటలు వేఱు దారిని వచ్చినవి. కమాను, ఖానా అనునవి పారసీకమునుండి వచ్చినవి. కమాను అనగా విల్లు. ఖానా అనగా గది. కాలువ కాపలాదారును లస్కరు అందురు. అదియు పారసీకపు లష్కర్ అను మాట పరంపరలోనిదే. సైన్యమును చెప్పు మాట నౌకాశ్రయములను, దొరల కొలువులను తిరిగి వచ్చి, గట్టుపై తూము తలుపు ఎత్తువానికి స్థిరపడినది. ఆనకట్ట మన మాట. తమిళపు అణైక్కట్టుకు సోదరము. ఆంగ్లేయుల అనికట్ ఈ దక్షిణదేశపు మాటనుండియే పుట్టినది. ఇక తూము అచ్చ తెనుఁగు. నీరు విడుచు ద్వారమునకును, ధాన్యము కొలుచు మానమునకును ఒకే పేరు. నిరుక్తి యేదైనను, రైతు మనస్సున ఈ రెండు తూములును దూరమైనవి కావు.

ఏటిగట్టు, లంక, రేవు, పంటు, పోటు, పాటు, శివారు, వంతు – ఇవి ఈ ప్రాంతపు నీటి జీవితమునుండి పుట్టిన, లేక అందు స్థిరపడిన మాటలు. "కాలువలు కట్టేశారు", "కాలువలు వదిలారు" అను రెండు వాక్యములతో ఇచ్చట సంవత్సరము రెండు భాగములగును. పెండ్లి ముహూర్తములు మొదలు ఇంటి మరమ్మతులవఱకు ఈ రెండు తేదీలనుబట్టి ఏర్పాటు చేసికొనుట కలదు. మాండలిక నిఘంటువులను కూర్చువారు ఈ పదజాలమును కాలువ వెంట నడచి సేకరింపవలసియున్నది. పడవలు పోయినవి, పడవవారి మాటలును వాని వెంట పోవుచున్నవి.

కట్టినవారెవరు?

వేసవి దర్శనమున గట్టుపై చెట్టునీడను కూర్చుండిన ఒక వృద్ధుడు మమ్ము చూచి పలుకరించెను. నేను మాస్టరునని తెలిసికొని, "ఆయ్, ఇదంతా కాటన్ దొరగారు కట్టించారండి. బెల్లం, కరక్కాయ, కోడిగుడ్డు సొన కలిపిన గానుగసున్నంతో కట్టారంటండి. మా పెద్దోళ్ళు ఇక్కడ సున్నం మోశారని మా నాయనమ్మ చెప్పేదండి" అని చెప్పెను. వారి పేర్లేమి తాతగారూ అని అడిగితిని. "ఏమోనండి, మోసినోళ్ళ పేర్లు ఎవరు రాసుకుంటారండి?" అని నవ్వెను.

ఆ నవ్వు చాలదూరము నా వెంట వచ్చినది. బెల్లము, కరక్కాయ సున్నమున కలుపుట దక్షిణదేశపు తాపీపనివారికి పూర్వమునుండి తెలిసిన విద్యయే. కోడిగుడ్డు సొన కథ ప్రతి పాత కట్టడమును గూర్చియు చెప్పబడుచుండును. దానిని ఈ కట్టడమునకు ప్రమాణముగా గ్రహింపరాదు. ఆయన నాయనమ్మ మాటను కూడ నేను సాక్ష్యముగా కాక, వినికిడిగా మాత్రమే నమోదు చేయుచున్నాను. కాని ఆయన అడిగిన ప్రశ్న వినికిడి కాదు. అది మనలను అడిగిన ప్రశ్న.

జ్ఞాపకమునకు అంతస్తులు కలవు. అగ్రమున కాటన్. ఆయన విగ్రహములు గోదావరి గ్రామములలో కోకొల్లలు. ధవళేశ్వరమున ఆయన పేర ప్రదర్శనశాల కలదు. 1899లో మరణించిన ఒక విదేశీయుని ఇంత ప్రేమతో తలచుకొను ప్రాంతము దేశమున మఱియొకటి అరుదు. రెండవ అంతస్తున హేగ్, ఓర్ వంటి సహాయ ఇంజనీర్లు. 1848నుండి 1850వఱకు కాటన్ అనారోగ్యముచే సెలవుపై పోయినప్పుడు పని ఆగక సాగుటకు కారకుడు కెప్టెన్ ఓర్. వీరి పేర్లు ఇంజనీర్ల గ్రంథములలో ఉన్నవి, జనుల నోట లేవు. మూడవ అంతస్తున వీణెం వీరన్న. పనివారిని కూర్చి, వారి భాషలో వారిని నడిపించి, కాటనునకు కుడిభుజమై నిలిచిన ఈ తెలుగువాని పేరు ఇటీవలి కాలమున కొంత వెలుగులోనికి వచ్చినది. నాలుగవ అంతస్తున వేలకొలది కూలీలు, తాపీవారు, వడ్డెరలు, పడవవారు, సున్నము నూఱినవారు, ఇసుక మోసిన స్త్రీలు. వీరికి పేర్లు లేవు.

ఈ లోపమునకు కారణము ఆంగ్లేయుల రికార్డులు మాత్రమే కాదు. తెలుగు వ్రాతయు అంతే. మెకంజీ సేకరించిన కైఫీయతులు ఇచ్చట ఉపకరింపవు. ఆయన 1821లోనే మరణించెను. ఏనుగుల వీరాస్వామయ్య తన కాశీయాత్ర చరిత్రలో మజిలీలను, నదులను, దాటిన విధములను శ్రద్ధగా వ్రాసెను గాని, ఆయన యాత్ర 1830–31 నాటిది; అప్పటికి ఆనకట్ట లేదు. కట్టడములు లేచుచున్న 1850లలో ఆయన వంటి తెలుగు యాత్రికుడు ఒక్కడు గన్నవరము మీదుగా నడచి, తాను చూచినది వ్రాసియుండిన ఎంత బాగుండెడిది! ఆ పని చేయలేకపోయిన తరముల తరఫున, మిగిలినదానినైనను నడచి చూచి వ్రాయుట మన విధి.

క్రొత్త అక్విడెక్టునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. ఇది ఆలోచింపదగిన విషయము. 1841లో జన్మించి 1909లో గతించిన ఈ పుణ్యవతి లంకల గన్నవరమున డొక్కా జోగన్నగారి ఇల్లాలుగా వచ్చి, ఏటి దారిని పోవు బాటసారులకు వేళాపాళా లేక అన్నము పెట్టినది. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక సందర్భమున 1903లో ప్రభుత్వము ఆమెను గౌరవించినది. పాత అక్విడెక్టు లేచుచున్నప్పుడు ఆమె పది, పండ్రెండేండ్ల బాలిక. కాలువ నీటిని, ఆమె అన్నదానమును కార్యకారణములుగా ముడిపెట్టుట చరిత్రకు తగదు. దానమునకు మూలము ధాన్యము కాదు, మనస్సు. అయినను ఇంజనీరు పేరనో, పాలకుని పేరనో వెలయవలసిన కట్టడమునకు, అన్నము పెట్టిన ఒక గృహిణి పేరు నిలుచుట ఈ ప్రాంతపు ప్రజలు నీటిని దేనికొఱకు గౌరవింతురో తెలుపుచున్నది. మొదటి అక్విడెక్టు పేరులేని శ్రామికులు కట్టినది. రెండవది వంటయింటి శ్రమకు పేరు నిచ్చినది. ఒక లోపమునకు ఇది సగము ప్రాయశ్చిత్తము.

ముగింపు

నేను చివరిమాఱు చూచినప్పుడు పాత కట్టడపు సందులలో రావి మొలకలు లేచియుండెను. రావి వేరు సున్నపు కట్టును ఏమి చేయునో పాత దేవాలయములను చూచినవారికి చెప్పనక్కఱలేదు. నూటయేబదియేండ్ల వరదలు చేయలేని పనిని ఒక మొలక చేయగలదు. పని తప్పిన కట్టడమును కాపాడుటకు నీటిపారుదల లెక్కలలో కారణము కనుపింపదు, చరిత్రలోనే కనుపింపవలెను. ఆ కారణమును ఆధారములతో చూపుట పరిశోధకుల బాధ్యత.

అందుకు మూడు పనులు తక్షణము చేయదగియున్నవి. మొదటిది, కట్టడమును ఖానా ఖానాగా కొలిచి, చిత్రించి, ఛాయాచిత్రములు తీసి భద్రపఱచుట. రెండవది, ఇరుగట్ల గ్రామములలోని వృద్ధులనుండి కాలువ పనులకు, పడవలకు, వరదలకు సంబంధించిన మాటలను, కథలను, పాటలను వారి పలుకుబడిలోనే వ్రాసికొనుట. మూడవది, ఆంగ్ల రికార్డులలో చెదరియున్న కూలి లెక్కలను, పనివారి ప్రస్తావనలను ఏఱి తెలుగులోనికి తెచ్చుట. ఈ మూడింటిలో రెండవదానికి గడువు తక్కువ.

మా శాఖ విద్యార్థులకు నేను చెప్పునది ఇంతే. గన్నవరమునకు పొండు. బస్సులో క్రొత్త వంతెన దాటిన రెండు నిమిషములలో అయిపోవును, ఏమియు కనుపింపదు. సైకిలు గట్టున నిలిపి నడువుడు. 2,248 అడుగులను పది నిమిషములలో నడువవచ్చును. కమానులను లెక్కింపుడు, స్తంభములను వేఱుగా లెక్కింపుడు. చెట్టునీడను ఎవరైన వృద్ధుడు కూర్చుండి యున్నచో, ముందుగా నమస్కరించి, ఆయన ప్రక్కన కూర్చుండుడు. ఈ మాఱు పేర్లు వ్రాసికొనుడు.